రేసు టికెట్ కొనే ముందు: సింగపూర్, హుస్సేన్‌సాగర్, నోయిడా

తెలుగువాళ్లకు ఫార్ములా 1 లాంటి పెద్ద కార్ల రేసు చూడ్డానికి ఇప్పుడు దగ్గర దారుల్లో ఒకటి సింగపూర్. హైదరాబాద్ నుంచి నేరుగా విమానమెక్కితే నాలుగున్నర గంటలు. పుష్కరం కిందట ఇదే మాట అడిగితే గ్రేటర్ నోయిడా అనేవాళ్లు. 2023 ఫిబ్రవరిలో ఒక్కసారి మాత్రం ఖైరతాబాద్‌లో దిగితే సరిపోయింది. మూడుచోట్లా కార్లు బాగానే పరుగెత్తాయి. తేడా అంతా డబ్బు దగ్గరే. రాత్రి పదకొండింటికి మనకు రైలు దొరుకుతుందా, వచ్చే ఏడాది అసలు రేసు ఉంటుందా అన్నవి రేసు ఖర్చు ఎవరు మోస్తున్నారన్నదాన్ని బట్టే తేలతాయి. సీట్ల మ్యాప్ చూసే ముందు అది చూసుకోవాలి.

ముందు సింగపూర్. ఇక్కడి ఫార్ములా 1 రేసు 2008 నుంచి మెరీనా బే వీధుల్లో రాత్రిపూట జరుగుతోంది, కోవిడ్ వల్ల 2020, 2021లో మాత్రం ఆగింది. నీటిమీద ఉండే పాత వేదిక స్థలంలో కొత్త కట్టడం మొదలవడంతో 2023లో 16 నుంచి 19 దాకా ఉన్న మలుపులు తీసేసి రోడ్డు తిన్నగా చేశారు. అలా 23 మలుపులు 19 అయ్యాయి, ల్యాప్, అంటే ట్రాక్ ఒక చుట్టు, ఐదు కిలోమీటర్ల లోపుకి వచ్చింది, రేసు 62 ల్యాప్‌లు. అంతకుముందు రాసిన సలహాలు చదివి బే గ్రాండ్‌స్టాండ్ కోసం వెతికితే నిరాశే. ఏ ఏడాది మ్యాప్ ఆ ఏడాదే చూడాలి.

టికెట్లలో రెండు జాతులున్నాయి: సీటు ఉన్నవి, తిరుగుడువి. తిరుగుడు టికెట్‌నే వాకబౌట్ అంటారు. చవక, కానీ కంచె పక్కన మంచి చోటు కావాలంటే గేట్లు తెరవగానే వెళ్లి పట్టుకుని కూర్చోవాలి. ఒకసారి లేచారా, ఆ చోటు పోయినట్టే. ట్రాక్ ప్రాంతమంతా జోన్లుగా ఉంటుంది, జోన్ 4కే పరిమితమైన టికెట్‌కీ అన్ని జోన్లూ తిరగనిచ్చే ప్రీమియర్‌కీ ధరలో తేడా ఎందుకో అక్కడికి వెళ్లాక అర్థమవుతుంది. రేసుతోపాటు పెద్ద కచేరీ జరిగే పడాంగ్ మైదానం జోన్ 4లో ఉంది. కార్లు ఆగి టైర్లు మార్చుకునే పిట్ బిల్డింగూ, స్టార్టూ జోన్ 1లో ఉన్నాయి. పాట కోసమైతే జోన్ 4 టికెట్ చాలు. కార్ల కోసమే వెళ్తున్నవాళ్లకు సీటు తీసుకోమనే చెప్తాం. రాఫెల్స్ బౌలెవార్డ్ చివర బ్రేకులు గట్టిగా తొక్కాల్సిన ఏడో మలుపు దగ్గరే ఓవర్‌టేకింగ్ ఎక్కువ, అక్కడి స్టాండ్ పేరు స్టాంఫర్డ్. పిట్ ముందు సీట్లు ఖరీదెక్కువ. స్టార్ట్, టైర్ల మార్పిడి, పోడియం కనిపిస్తాయి గానీ మధ్యలో కార్లు గీతల్లా పోవడమే. పడాంగ్ స్టాండ్‌లో కూడా అంతే, ధర మాత్రం తక్కువ. ఎక్కడ కూర్చున్నా ఎదురుగా పెద్ద తెర కనిపిస్తుందో లేదో చూసుకోండి. వీధి ట్రాక్‌లో మన కళ్లకు అందేది రెండు మూడొందల మీటర్లే, మిగతా రేసంతా తెరమీదే.

2026లో అక్టోబరు 9 నుంచి 11 దాకా జరిగే రేసుకు తొలిసారి స్ప్రింట్, అంటే ప్రధాన రేసుకి ముందు ఒక చిన్న రేసు, పెట్టారు. దాంతో శుక్రవారం ఒక్క ప్రాక్టీసే, ఆ రాత్రే ఎవరు ఏ స్థానం నుంచి మొదలెట్టాలో తేల్చే స్ప్రింట్ క్వాలిఫైయింగ్. మామూలు ఏడాదుల్లో శుక్రవారం వదిలేసినా నష్టం లేదు, స్ప్రింట్ ఉన్నప్పుడు వదలకూడదు.

చీకటి పడ్డా ఉక్క తగ్గదు. 2025లో అధిక వేడి ప్రమాద హెచ్చరికను ఫార్ములా 1 చరిత్రలో మొదటిసారి ప్రకటించింది ఈ రేసులోనే. చాలా స్టాండ్లకు పైకప్పు లేదు, వాన ఎప్పుడైనా పడొచ్చు. గొడుగు విప్పితే వెనకవాళ్లు ఊరుకోరు కాబట్టి పల్చటి రెయిన్‌కోటు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు, నూలు బట్టలు, నడిచే చెప్పులు తెచ్చుకోవాలి. ఒక గేటు నుంచి ఇంకో గేటుకి వెళ్లాలంటే ట్రాక్ చుట్టూ తిరగాలి, పాదచారుల వంతెనల దగ్గర తోపులాట ఉంటుంది. టికెట్ మీద ఏ గేటు రాసుందో ఆ గేటుకి దగ్గరి స్టేషన్‌లోనే దిగండి.

బస విషయానికొస్తే, ట్రాక్‌ని ఆనుకున్న హోటళ్ల జోలికి పోనక్కర్లేదు. 2008లో రేసు మొదలైనప్పుడే ఆ వారపు గదుల ఆదాయంలో ట్రాక్ పక్క హోటళ్ల నుంచి 30 శాతం, మిగతావాటి నుంచి 20 శాతం సుంకం పెట్టారు. అది చివరికి ఎవరి బిల్లులో చేరుతుందో చెప్పక్కర్లేదు. మనవాళ్లకు నప్పేది లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ ప్రాంతం. లిటిల్ ఇండియా నుంచి డౌన్‌టౌన్ లైన్‌లో రోచోర్, బూగిస్, ఆ తర్వాత ప్రోమెనేడ్, మూడో స్టేషన్‌కే ట్రాక్. సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ లాంటి శాకాహార హోటళ్లున్నాయి. కచేరీ కూడా చూసి వచ్చేసరికి అలాంటివి మూసేస్తారు కాబట్టి భోజనం సాయంత్రమే కానిచ్చి బయల్దేరడం మేలు, లోపల తిండి ధరలు బయటికంటే ఎక్కువ. ఇంకా చవక కావాలంటే అల్జునీద్, కల్లాంగ్ వైపు గదులున్నాయి, ఈస్ట్ వెస్ట్ లైన్ తిన్నగా సిటీ హాల్‌కి వస్తుంది. హోటల్ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ ఛార్జీ, దానిమీద 9 శాతం జీఎస్టీ కలుస్తాయని లెక్క.

ట్యాక్సీ ఆలోచన పెట్టుకోవద్దు. ఆ వారం చుట్టుపక్కల రోడ్లన్నీ మూసేస్తారు. కచేరీ అయ్యాక జనమంతా సిటీ హాల్ స్టేషన్ మీదే పడతారు, పది పదిహేను నిమిషాలు నడిచి బ్రాస్ బాసాకో బూగిస్‌కో వెళ్తే ఆ క్యూ తప్పుతుంది. ఆ రాత్రుల్లో రైళ్ల వేళలు పెంచుతుంటారు, ఆఖరి రైలు ఎప్పుడో మాత్రం ముందే చూసుకోండి.

ఇంత సాఫీగా జరగడానికి కారణం ఖర్చులో 60 శాతం దాకా ప్రభుత్వమే పెట్టుకోవడం. ఎక్కడైనా టీవీ హక్కులు, ట్రాక్ పక్క ప్రకటనల డబ్బు చాలావరకు ఫార్ములా 1కే పోతాయి, నిర్వాహకుడికి ప్రధానంగా మిగిలేది టికెట్ల సొమ్ము. దాంతో ఏటా దిమ్మెలు, కంచెలు, స్టాండ్లు, దీపాలు పెట్టి తీయడం గిట్టదు. ప్రభుత్వం ఆ లోటును హోటళ్లు నిండటంలో చూసుకుంటుంది. మూసేసిన రోడ్ల మధ్య చిక్కుకున్న సన్‌టెక్, మెరీనా స్క్వేర్ దుకాణాలకు మాత్రం ఆ వారం బేరాలు పడిపోతాయి. అవినీతి మచ్చ అక్కడా పడింది: రేసు నిర్వాహకుడి నుంచి కానుకలు తీసుకున్న వ్యవహారంలో మాజీ రవాణా మంత్రి ఎస్. ఈశ్వరన్‌కు 2024 అక్టోబరులో ఏడాది జైలు పడింది. రేసు ఆగలేదు, ఒప్పందం 2028 దాకా ఉంది.

హైదరాబాద్‌లో ఆ చివరి మాటే కొరవడింది. 2023 ఫిబ్రవరి 11న జరిగింది ‘ఫార్ములా ఈ’, అంటే విద్యుత్ కార్ల రేసు: 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు, లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్, ఐమాక్స్ పక్కగా. పోల్‌లో, అంటే మొదటి స్థానం నుంచి మొదలెట్టిన మిచ్ ఎవాన్స్‌ని సొంత జట్టువాడే అయిన శామ్ బర్డ్ గుద్దేయడం, జాన్ ఎరిక్ వెర్న్ చివరిదాకా నిక్ కాసిడీని కాచుకుని గెలవడం, చూసినవాళ్లకు పెట్టిన పైసా గిట్టింది. ఆ రేసులో క్వాలిఫైయింగ్, రేసు ఒకే రోజు అయిపోతాయి. వరంగల్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు గది అవసరమే లేదు, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ల నుంచి నడక దూరం. ప్రేక్షకుడికి ఇంత అనువైన చోటు మన దేశంలో అప్పటికి లేదు. ఆపద పడింది రేసు చూడనివాళ్లు. ఎన్టీఆర్ మార్గ్ మూసేస్తే ఆ ట్రాఫిక్ అంతా వచ్చి పడేది ఖైరతాబాద్ మీదా లక్డీకాపూల్ మీదా. సచివాలయం ముందు రోడ్డుని ముందుగా అప్పగించలేరు, ఆలస్యంగా అప్పగిస్తే ట్రాక్ సిద్ధం కాదు. రిహార్సల్‌లా 2022 నవంబరులో పెట్టిన ఇండియన్ రేసింగ్ లీగ్‌లో అదే జరిగింది. పనులు ఆలస్యమై, ప్రమాదాలు జరిగి, అసలు రేసులే రద్దయ్యాయి.

మొదటి ఏడాది ఖర్చు మోసిన ప్రైవేటు ప్రమోటర్ రెండో ఏడాదికి తప్పుకుంది. ఆ స్థానంలోకి మున్సిపల్ శాఖే వచ్చి 2023 అక్టోబరు 30న ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రేసు జనవరి 5న రద్దయింది. ఆ ఒప్పందం కింద జరిగిన చెల్లింపుల మీద ఏడాది చివర్లో ఏసీబీ కేసు నమోదు చేసింది. ప్రేక్షకుడి లెక్క మాత్రం ఒకటే: రేసుకి ఐదు వారాల ముందు దాకా విమానం టికెట్ గాల్లో దీపమే.

నోయిడా సంగతి క్లుప్తంగా. 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ మన దేశంలో ఫార్ములా 1కి తగ్గ ట్రాక్, 2011 నుంచి 2013 దాకా మూడుసార్లూ గెలిచింది సెబాస్టియన్ వెటెల్. ఆ ట్రాక్ కట్టి రేసు నడిపిన జేపీ గ్రూపు ఒప్పందం ప్రకారం ఫార్ములా 1కి కట్టాల్సింది 4 కోట్ల డాలర్లు, పైగా రేసుని ఆటగా కాక వినోదంగా లెక్కగట్టి వేసిన పన్ను, సామాను మీద కస్టమ్స్ పేచీలు. ఒక ప్రైవేటు కంపెనీ ఒంటరిగా మోసే బరువు కాదది. 2023 సెప్టెంబరులో బైకుల రేసు మోటోజీపీ వచ్చింది. వీసాలు ఆలస్యమయ్యాయి, ఎండ వల్ల ప్రధాన రేసుని 24 ల్యాప్‌ల నుంచి 21కి కుదించారు, 2024లో మళ్లీ జరగలేదు. ఒకవేళ మళ్లీ పెడితే గది నోయిడాలో కాదు, గ్రేటర్ నోయిడాలోనే తీసుకోండి. పరీ చౌక్ మెట్రో నుంచి సర్క్యూట్ ఇంకా పది కిలోమీటర్ల పైమాటే. రేసు అయ్యాక వేలమంది ఒకేసారి క్యాబ్ కోసం ఫోన్ తీస్తారు కాబట్టి రానూపోనూ బండి ముందే మాట్లాడుకోవాలి.

సింగపూర్‌కి వెళ్లేవాళ్లు ముందు రేసు టికెట్, తర్వాత రద్దు చేసుకునే వీలున్న గది, ఆ తర్వాత విమానం, వీసా అనే వరసలో వెళ్లండి. తొలి విడత టికెట్లకి ధర తక్కువ. వీసా గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారా తీసుకోవాలి. దిగే ముందు మూడు రోజుల్లోపు నింపే అరైవల్ కార్డు ఉచితం, దానికి డబ్బు అడిగే సైటు ఏదైనా సరే అసలుది కాదు.