మా హైడ్రాలిక్ మంచం, పది నెలలు వాడాక

మాది వైజాగ్ మురళీనగర్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఉండేది అయిదుగురం: మేమిద్దరం, మా అత్తగారు, నాలుగో తరగతి చదివే పాప, ఎల్‌కేజీ బాబు. కొత్తలో ఇల్లంతా ఖాళీగానే ఉండేది, ఇప్పుడేమో హాల్లో సైకిలు, బాల్కనీలో బాబు వాడేసిన వాకర్, అటక నిండా అట్టపెట్టెలు, ఏ తలుపు తీసినా ఏదో ఒకటి నెత్తిన పడుతుంది. ఇంకో బీరువా కొందామంటే ఆనించడానికి గోడ లేదు. అందుకే పోయిన ఉగాదికి పాత మంచం అమ్మేసి, ఊళ్ళోనే ఒక షాపులో, పరుపు కింద పెట్టెలో సామాను పెట్టుకునే హైడ్రాలిక్ మంచం చేయించాం.

పేరుకి హైడ్రాలిక్ గానీ నిజానికి పైకి తోసేది గ్యాసు. రెండు పక్కలా గొట్టాలుంటాయి, వాటిలో అదిమిపెట్టిన నైట్రోజన్ ఉంటుంది, కారు డిక్కీ లేచినట్టే పరుపుతో సహా పలక పైకి లేస్తుంది. మాది 6 అడుగులకి 6న్నర, లోపల లోతు 11 అంగుళాలు. చెబితే నమ్మరు, మొదటిరోజు నాలుగు సూట్‌కేసుల సామాను ఖాళీ చేసి పోస్తే సగం కూడా నిండలేదు. రగ్గులన్నీ అందులోకే పోయాయి. అసలు వైజాగ్‌లో రగ్గులెందుకో నాకిప్పటికీ తెలీదు, అరకో లంబసింగో వెళ్ళినప్పుడు తప్ప విప్పం, కానీ పెళ్ళిలో పెట్టినవి పారేయలేం కదా. బొమ్మల కొలువు బొమ్మలు, ఇత్తడి గంగాళం, పాపకి బిగుతైపోయి తమ్ముడికి ఇంకా వదులుగా ఉన్న స్వెటర్లు, స్కూలు ప్రాజెక్టుకి చేసిన థర్మకోల్ లైట్‌హౌస్ (పారేస్తే ఏడుస్తుంది), అన్నీ పట్టేశాయి.

ఇప్పుడు గొడవల సంగతి. మాది కొబ్బరిపీచు పరుపు, 40 కిలోల దాకా ఉంటుంది. షాపువాళ్ళు ఆ సంగతి అడగకుండా తేలిక పరుపుకి సరిపోయే 800 న్యూటన్ల బలంతో తోసే గొట్టాలు బిగించి పంపారు. ఎత్తితే సగం లేచి ఆగిపోయేది, వదిలితే మెల్లిగా కిందికి దిగేది, నేను ఒక చేత్తో పలక మోస్తూ ఇంకో చేత్తో దుప్పటి లాగేదాన్ని. ఫోన్ చేస్తే "వాడగా వాడగా ఫ్రీ అవుతుంది మేడమ్" అన్నారు. గ్యాసు గొట్టం వాడగా వాడగా ఇంకా మెత్తబడుతుంది గానీ బలం పెరగదు! మూడు వారాలు తిప్పించుకుని, చివరికి 1200వి వేశారు, డబ్బులు మాత్రం మళ్ళీ మా దగ్గరే తీసుకున్నారు. ఇప్పుడు వేలితో ఎత్తొచ్చు. కాకపోతే పరుపు ఎండబెడదామని డాబా మీదికి తీసుకెళ్ళిన రోజు, బరువు లేక పలక మూతపడనే లేదు. పిల్లలిద్దర్నీ దాని మీదికి ఎక్కించి, నేనూ ఒక పక్క కూర్చుంటే గానీ దిగలేదు.

రెండోది వాసన. అక్టోబరు ముసుర్లలో నెలరోజులు తెరవలేదు, తెరిచేసరికి గుప్పుమని ముక్కవాసన, ఒక రగ్గు అంచున తెల్లగా బూజు. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో గాలాడని పెట్టె అంటే అంతే మరి. కార్పెంటర్ని పిలిచి తలవైపు ఆరు కన్నాలు పెట్టించి, పురుగులు దూరకుండా జాలీ కొట్టించాను. నెలకి రెండుసార్లు ఎండ ఉన్న రోజు చూసి గంటసేపు తెరిచిపెడుతున్నాను. తర్వాత మళ్ళీ వాసన రాలేదు.

ఒక విషయంలో మాత్రం మేం గట్టిగా నిలబడ్డాం, ప్లైవుడ్ తప్ప ఇంకేదీ వద్దన్నాం. ఇంతకుముందు పొట్టు చెక్కతో (పార్టికల్ బోర్డు) చేసిన షూ ర్యాక్ ఒకటి కొంటే, తడిగుడ్డ పెట్టి తుడిచీ తుడిచీ రెండేళ్ళలో కాళ్ళు బ్రెడ్డు ముక్కల్లా ఉబ్బిపోయాయి. చేయించుకునేవాళ్ళు ప్లై మీద ఐఎస్ 710 ముద్ర (తడికి తట్టుకునే ప్లైకి వేసేది) ఉందో లేదో మైకా అంటించకముందే వెళ్ళి చూసుకోండి, అంటించాక లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

చిన్నపిల్లలుంటే ఇంకో మాట. రెండో వారంలోనే మావాడు "దాగుడుమూతల్లో నేను దీన్లో దాక్కోనా?" అని అడిగాడు. నా గుండె జారిపోయింది. ఆ సాయంత్రమే పక్కన గడియ పెట్టించి చిన్న తాళం వేశాను, తాళంచెవి దేవుడి గూట్లో. తెరిచిపెట్టే ఆ గంటసేపూ గది తలుపు మూసి బయట గొళ్ళెం పెడతాను. మూసేటప్పుడు పిల్లల వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకోకుండా పలక వదలొద్దు.

రోజూ కావాల్సినవి దీన్లో పెట్టకండి, చెప్పులూ స్కూలు బట్టలూ అసలొద్దు. ఆదివారం మధ్యాహ్నం సరిగ్గా మా ఆయన కునుకు తీశాకే నాకు గంగాళం గుర్తొస్తుంది, ఆయన్ని లేపితే ఆ సణుగుడు సాయంత్రం దాకా ఉంటుంది. మొత్తానికి 42,000 అయింది, గొట్టాల ఖర్చు వేరే. మంచానికి నాలుగు స్టార్లిస్తాను, షాపుకి రెండు. పాప పాత పుస్తకాలు మాత్రం ఇంకా అటక మీదే ఉన్నాయి, ఆ బరువుకి అడుగు చెక్క వంగుతుందని కార్పెంటర్ వద్దన్నాడు.