లేక్ ఫోర్క్‌లో బాస్ వేట, మమ్మల్ని ముంచిన కేబిన్

ముందే చెప్పేస్తున్నా, చేపలు పడ్డాయి. గైడ్ బంగారం లాంటి మనిషి. అయినా ఇది రాయడానికి కూర్చున్నది మాత్రం ఆ కేబిన్ మీద ఒళ్లు మండే.

లేక్ ఫోర్క్ డాలస్‌కి తూర్పున గంటన్నర దూరం. దాదాపు 27 వేల ఎకరాల రిజర్వాయరు. 1980లో డ్యామ్ మూసి నీళ్లు నింపేటప్పుడు చెట్లన్నీ కొట్టెయ్యకుండా చాలావరకు అలాగే ముంచేశారు, అందుకే ఇప్పటికీ నీళ్లలో ఎక్కడ చూసినా మోడులే. లార్జ్‌మౌత్ బాస్‌కి, అంటే పెద్ద నోరున్న ఈ మంచినీటి వేటచేపకి, అంతకన్నా ఏం కావాలి? టెక్సస్ రాష్ట్ర రికార్డు చేప, 18.18 పౌన్లది, 1992 జనవరిలో పడింది ఇక్కడే.

జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడికి జనం ఎగబడేది ఎందుకంటే ఆడచేపలు గుడ్లతో నిండి ఏడాది మొత్తంలో అప్పుడే ఎక్కువ బరువుంటాయి. నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఒడ్డున గుడ్లు పెట్టడం మొదలవుతుంది. దానికి ముందు, 50 దాటిన దగ్గర్నుంచీ, లోతు నీళ్లలోంచి బయల్దేరి పాత వాగుల దారి పట్టుకుని పైకి వస్తూ, కోవ్‌ల (ఒడ్డులోకి చొచ్చుకెళ్లే నీటి పాయల) మొదట్లో నేల ముక్కులా నీళ్లలోకి పొడుచుకొచ్చే చోట ఆగి, ఆకలి మీద దొరికిందల్లా తింటాయి. మనకి కావాల్సింది ఆ రోజులే. వరుసగా మూడు నాలుగు రోజులు వెచ్చగా ఉంటే పండగ, ఒక్క చలిగాలి దిగిందంటే మళ్లీ వెనక్కి.

మాకు సరిగ్గా అదే జరిగింది. ఫిబ్రవరి ఆఖరి వారాంతానికి బుక్ చేశాం, బుధవారానికే ఫోన్‌లో వాతావరణం చూస్తే శుక్రవారం రాత్రి కోల్డ్ ఫ్రంట్, అంటే ఒక్కసారిగా దిగే చలిగాలి, వస్తుందంటోంది. ఒక్క వారం జరపమని కేబిన్ ఓనర్‌కి మెసేజ్ పెట్టా. వచ్చే వారం ఖాళీయే, క్యాలెండర్‌లో కనిపిస్తూనే ఉంది. ముప్పై రోజుల ముందైతేనే మార్పులట, ఒక్క లైను జవాబు, అంతే. రాత్రికి 185 చొప్పున రెండు రాత్రులు, క్లీనింగ్ ఫీజు 95, ట్యాక్స్‌తో 492 డాలర్ల 90 సెంట్లు, వదులుకోలేక బయల్దేరాం.

ఫొటోల్లో ‘లేక్ వ్యూ’ అన్నారు కదా, అది బాత్రూం కిటికీలోంచి, రెండు ట్రైలర్ల సందులోంచి కనిపిస్తుంది. గోడకున్న హీటర్ చల్లగాలి కొడుతోంది. ఫోన్ చేస్తే మంచం కింద చిన్న హీటర్ ఉంది వాడుకోమన్నాడు. దాన్ని పెట్టి మైక్రోవేవ్ నొక్కితే కరెంటు పోయింది, బ్రేకర్ పెట్టె బయట ఉంది, దానికి తాళం! అర్ధరాత్రి అతను కోడ్ పంపేదాకా జాకెట్లు వేసుకుని చీకట్లో కూర్చున్నాం. ఇంత జరిగాక పొద్దున ఫ్రిజ్ మీద కాగితం చూశా: వెళ్లేముందు దుప్పట్లు ఉతకాలట, గిన్నెలు తోమాలట, చెత్త బయట పడెయ్యాలట. మరి ఆ 95 దేనికి నాయనా? మా బావమరిది డాలస్ పక్కన ప్లేనోలో ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకోవాల్సిన వాణ్ని అని రాత్రంతా సణుగుతూనే ఉన్నాడు.

గైడ్ సంగతి వేరు. గురువారం తనే ఫోన్ చేసి, తెల్లవారుజామున వచ్చి డబ్బు దండగ చేసుకోవద్దు, శనివారం పదకొండుకి రండి, కావాలంటే అడ్వాన్స్ వేరే రోజుకి మార్చుకుంటా అన్నాడు. 500 తీసుకున్నాడు, వంద టిప్ ఇచ్చాం, ఇంకా ఇచ్చినా బాధ ఉండేది కాదు.

ఆకాశం నీలంగా మెరిసిపోతోంది, ఉత్తరపు గాలి చెవులు కోస్తోంది. మెయిన్ లేక్‌లో నీళ్లు 51. నేరుగా ఉత్తరం ఒడ్డున కోవ్‌లలోకి తీసుకెళ్లాడు. అక్కడ గాలి తగలదు, ఎండ మాత్రం రోజంతా పడుతుంది, రెండింటికల్లా 55 చూపించింది. ఎర్ర రంగు లిప్‌లెస్ క్రాంక్‌బైట్ కట్టాడు, చిన్న చేపలా ఉండి లోపల గుళ్లు గలగలలాడే గట్టి ఎర. ఈ కాలంలో బాస్ తినే క్రేఫిష్, రొయ్యల్లాంటి మంచినీటి జీవులు, ఆ రంగులోనే ఉంటాయట. విసిరి లాగుతుంటే నీళ్లలో మునిగిన గడ్డికి తట్టుకుంటుంది. అప్పుడు మెల్లగా లాగకూడదు. రాడ్ చివర ఒక్క కుదుపు కుదపాలి, గడ్డి తెగి ఎర ఎగిరి, గలగలమంటూ మళ్లీ కిందికి దిగుతుంది, ఆ దిగేటప్పుడే చేప పట్టేస్తుంది. పట్టినట్టు కూడా తెలియదు, దారం ఒక్కసారి వదులవుతుంది, అంతే. మా వాడు రెండు వదిలేసుకున్నాక గానీ ఆ వదులు అర్థం కాలేదు.

పెద్దది మాత్రం జిగ్‌కి, అంటే బరువైన తలతో నేలకి దిగే గాలానికి, పడింది. వాగు మలుపు దగ్గర పది అడుగుల లోతు అంచున, నేల మీద ఈడ్చీ ఈడ్చనట్టు లాగితే. ఫ్రంట్ తర్వాత అంత నిదానం కావాలన్నాడు గైడ్, విసుగొచ్చేంత నిదానం. 21 అంగుళాలు, ఐదు పౌన్ల పైన, పొట్ట గుండ్రంగా ఉంది. గైడ్ తోక తిప్పి చూపించాడు. గుడ్లు పెట్టడానికి తోకతో నేల ఊడ్చి గూడు చేసుకునే చేపకి తోక అంచు అరిగి ఎర్రబడుతుంది, దీనికి ఏ గీతా లేదు, అంటే ఇంకా ఒడ్డుకెక్కలేదు.

ఫొటో తీసి నీళ్లలో వదిలేశాడు. మా బావమరిది భీమవరం వాడు. “ఐదు పౌన్ల చేపని వదిలేస్తారా బావా? పులుసు!” అని నా వైపు తిరిగాడు, కళ్లలో నిజంగా బాధ. ఈ చెరువులో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ ఉంచుకోకూడదు, రూలు. 16 లోపు చిన్నవి తీసుకోవచ్చు గానీ వాడు అలిగి వద్దన్నాడు. సాయంత్రం పక్కనున్న ఎమరీ ఊళ్లో వేయించిన క్యాట్‌ఫిష్ ప్లేటు, 16 డాలర్లు, మొక్కజొన్న పిండి పొర కరకరలాడుతూ, లోపల ముక్క పొగలు కక్కుతూ. మా వాడు ఇంట్లోంచి తెచ్చిన కారప్పొడి జేబులోంచి తీసి చల్లుకున్నాడు. రెండో ప్లేటు చెప్పాక అలక తీరింది. ఆదివారం మామూలే, చిన్నవి రెండు మూడు.

వెళ్లేవాళ్లకి నా మాట: తేదీలు ఖరారు చేసుకోవద్దు, వారం ముందునుంచి రాత్రి ఉష్ణోగ్రతలు చూడండి. రాత్రుళ్లు కూడా వెచ్చబడితేనే నీళ్లు వేడెక్కుతాయి. లైసెన్స్ టెక్సస్ వాళ్లకి ఒక్కరోజుది 11 డాలర్లు, ఫోన్‌లోనే తీసుకోవచ్చు. బసకి సల్ఫర్ స్ప్రింగ్స్‌లో ఐ-30 హైవే పక్కన మోటెల్ చూసుకోండి, అరగంట డ్రైవింగ్ ఎక్కువైనా పర్లేదు, ముందురోజు దాకా క్యాన్సిల్ చేసుకోనిచ్చేదే తీసుకోండి. కేబిన్‌లోనే ఉంటామంటే మాత్రం డబ్బు కట్టేముందు రెండు అడగండి: ఫ్రంట్ వస్తే తేదీ మారుస్తారా, బ్రేకర్ పెట్టె ఎక్కడుంది.