దిస్ వార్ ఆఫ్ మైన్: పోయినవాళ్లు తిరిగిరాని ఆట

ఫోన్లు మారినా ఏళ్ల తరబడి నాతో ఉండిపోయిన ఆట ఇదొక్కటే. ఎలా ఆడాలో, ఎలా గెలవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఇందులో మనుషులు చనిపోవడం గురించే ఎక్కువగా రాస్తాను. దీని గొప్పతనం అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

కొత్తవారికి కాస్త పరిచయం. పోలండ్ రాజధాని వార్సాలో ఉన్న ఎలెవెన్ బిట్ స్టూడియోస్ దీన్ని 2014లో తెచ్చింది. మరుసటి ఏడాది ఫోన్లకూ వచ్చింది. బోస్నియా రాజధాని సరయెవోను శత్రు సేనలు 1992 నుంచి 1996 దాకా ముట్టడించడం దీనికి ప్రేరణ, ఆటలోని నగరం మాత్రం కల్పితం. మనం సైనికులం కాదు. ఒక శిథిల భవనంలో తలదాచుకున్న కొద్దిమంది మామూలు మనుషులను యుద్ధం ముగిసేదాకా బతికించుకోవాలి. పగలు బయటికి వెళ్తే కాల్చేస్తారు కాబట్టి ఇంట్లోనే పొయ్యి కట్టుకోవడం, వాన నీళ్లు పట్టుకోవడం, మంచం చేసుకోవడం. రాత్రి ఒకరు తిండికీ మందులకూ వెతుకులాటకు వెళ్తారు. మిగతావారు కాపలా కాస్తారు, లేదా పడుకుంటారు. వెళ్లినవారు తిరిగి రాకపోతే ఇక రారు. పాత స్థితికి వెళ్లి మళ్లీ ఆడే వీలును ఆట మన చేతికి ఇవ్వదు. రోజు మారినప్పుడల్లా తనంతట తానే భద్రపరచుకుంటుంది.

మొదట మన చేతికి వచ్చేది ముగ్గురు. పావ్లే ఫుట్‌బాల్ ఆటగాడు, వేగంగా పరుగెత్తుతాడు. కాటియా విలేఖరి, బేరమాడటంలో దిట్ట. బ్రూనో వంటవాడు. అతను వండితే కట్టెలు, నీళ్లు తక్కువ ఖర్చవుతాయి. చూడటానికి ఇది చిన్న లెక్క. నన్ను ఏడిపించింది ఆ లెక్కే.

పావ్లేకు గాయమై, కాటియా జ్వరంతో పడుకున్న ఒక రాత్రి బ్రూనోను పంపాల్సి వచ్చింది. పెద్దగా మోయలేడు, పరుగెత్తలేడు. తుపాకీ గుండు తగిలి పడిపోయాడు. ఆ క్షణంలో కలిగింది దిగ్భ్రాంతి మాత్రమే, దుఃఖం అప్పుడు రాలేదు. మర్నాడు పావ్లే చేత వంట చేయించినప్పుడు వచ్చింది. అదే కూర, అదే పొయ్యి, కట్టెలు మాత్రం ఎక్కువ పట్టాయి. మనిషి పోయాడని ఆట నాకు మళ్లీ చెప్పలేదు. సంగీతం పెంచలేదు, పాత దృశ్యాలు చూపించలేదు. కట్టెల దగ్గర అంకె తగ్గింది, అంతే. మా నాన్నగారు పోయాక కరెంటు బిల్లు ఎప్పుడు కట్టాలో, చేను కౌలు ఎంత రావాలో ఇంట్లో ఎవరికీ తెలియక నిలబడిపోయిన రోజులు గుర్తొచ్చాయి. ఒక మనిషి ఏమేమి మోసేవాడో ఆయన లేనప్పుడే ఒక్కొక్కటిగా బయటపడుతుంది. నేను ఆడిన మరే ఆటా ఈ సంగతిని ఇంత నిజాయితీగా పట్టుకోలేదు.

ఇంట్లో మిగిలినవారు కూడా ఊరుకోరు. దిగులు పడతారు, అది ముదిరితే కుంగిపోతారు. నడక నెమ్మదిస్తుంది, చెప్పిన పని చేయరు, నేలమీద కూలబడిపోతారు. పక్కవారు వెళ్లి మాట్లాడి ఓదార్చాలి. ఓదార్చడానికి ఎవరూ లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా మారుతుంది. పరామర్శకు వచ్చినవారు ఏదో ఒకటి మాట్లాడి, ఒక ముద్ద తినిపించి వెళ్లడం మన ఇళ్లలో ఎందుకు ఆచారమైందో ఇక్కడ ఆట రూపంలో కనిపిస్తుంది.

ఆటల్లో చావుకు ఏడవడం కొత్తేమీ కాదు. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ సెవెన్‌లో ఏరిత్ చనిపోయినప్పుడు ప్రపంచమంతా ఏడ్చింది. కానీ అది రాసిపెట్టిన చావు. ఎవరు ఆడినా ఆమె అక్కడే పోతుంది, అందువల్ల ఆ దుఃఖాన్ని ఎవరితోనైనా పంచుకోవచ్చు. నా బ్రూనో సంగతి వేరు. మీ ఆటలో అతను చివరిదాకా బతికి ఉండవచ్చు. ఆ చావును ఏ రచయితా రాయలేదు. నేను పంపాను, అతను వెళ్లాడు. అందుకే ఈ బాధ ఎవరికైనా చెప్పబోతే మాట గొంతులోనే ఆగిపోతుంది.

మా మేనల్లుడిది ఇందుకు పూర్తిగా ఎదురు పద్ధతి. 2012లో వచ్చిన ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్ ఆడేటప్పుడు సైనికులకు మా ఇంటివాళ్ల పేర్లు పెట్టుకున్నాడు. వాళ్ల నాన్న పేరున్న సైనికుడు చనిపోగానే ఆట ఆపేసి, వాళ్ల నాన్నకు ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగాడు. తర్వాత పాత స్థితికి వెళ్లి ఆ సైనికుణ్ని బతికించుకున్నాడు. ఆ ఆటలో అది కుదురుతుంది. కుదరకూడదనుకునేవారికి ఐరన్‌మ్యాన్ పద్ధతి వేరుగా ఉంది. బ్రూనో పోయినప్పుడు కూడా పక్కనుంచి చెప్పాడు: "అత్తయ్యా, తెల్లారకముందే ఆట మూసేసి తెరువు. మళ్లీ నిన్నటి పొద్దుటి నుంచి మొదలవుతుంది." నిజమే, ఆ దారి ఉంది. నేను తీసుకోలేదు. బతికించుకుంటే ఆ కట్టెల లెక్క నాకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదు. వాడి ప్రేమ కూడా నిజమైనదే, అందుకు వాణ్ని తక్కువ చేయను.

2022 జులైలో మాత్రం ఈ ఆట తెరవలేకపోయాను. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడాది వరద 25 లక్షలు దాటింది. మా పుట్టిల్లు కోనసీమలో ఒక లంక గ్రామం. వదినా మేనల్లుడూ పడవలో బయటపడి పాలకొల్లులో మా ఇంటికి వచ్చారు. గేదెలను వదిలి రాలేనని అన్నయ్య అక్కడే డాబా మీద ఉండిపోయాడు. కరెంటు లేదు, ఫోనులో కాస్త ఛార్జింగ్ ఉంది. కాలక్షేపానికి ఆడదామని వాడు అడిగితే వద్దన్నాను. ఈ రాత్రి ఎవరిని బయటికి పంపాలి అనే ప్రశ్న ఆ రోజుల్లో తెర మీద చూడగలిగేది కాదు. అన్నయ్య క్షేమంగానే ఉన్నాడు. నీళ్లు తీసి, ఇల్లు కడుక్కుని, చాలా కాలం గడిచాకే మళ్లీ మొదలుపెట్టాను. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయినవారికి నేను దీన్ని సిఫారసు చేయను. అది లోపం అని కూడా అనను.

లోపాలు వేరే ఉన్నాయి. చాలాసార్లు ఆడాక ఏడుపు మాటలు కూడా కంఠతా వచ్చేస్తాయి. కాటియా ఏమంటుందో ముందే తెలిసిపోతే ఆమె బాధ అరువు తెచ్చుకున్నట్టు వినిపిస్తుంది. ఇంకొకటి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. బయట పోయినవారిని ఇంటికి తెచ్చుకుని సాగనంపే ఏర్పాటు లేదు. ఎక్స్‌కామ్‌లో పోయిన సైనికుల పేర్లతో ఒక స్మారక గోడైనా ఉంటుంది. ఇక్కడ ఇంట్లో ఒక దీపం పెట్టే చోటు కూడా లేదు. యుద్ధంలో అంతే జరుగుతుందని వాదించవచ్చు. నాకు ఆ వాదన సరిపోదు. ముట్టడిలో ఉన్న ఊళ్లలో కూడా మనుషులు తమవారిని పాతిపెట్టుకున్నారు, దండం పెట్టుకున్నారు.

ఆట మొత్తం ఇంగ్లీషులో చదువుకోవాలి, తెలుగు లేదు. ఫోనులో అక్షరాలు చిన్నవి, ప్రతి మనిషి కథనూ చదవాలంటే కళ్లు నొప్పిపెడతాయి. ఆ కథలు చదవకుండా ఆడితే సగం ఆట పోయినట్టే, కాబట్టి కంప్యూటర్ ఉంటే అందులోనే కొనుక్కోండి. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. పోలండ్ ప్రభుత్వం 2020లో దీన్ని పాఠశాల విద్యార్థులకు సిఫారసు చేసే జాబితాలో చేరుస్తామని ప్రకటించింది, అదీ పెద్ద తరగతుల వారికే. మన ఇళ్లలోనూ చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. ఇంటర్ చదివే పిల్లలతో అయితే పక్కన కూర్చుని ఆడండి. ఎవరిని పంపాలో వాళ్లనే నిర్ణయించనివ్వండి.