స్ప్రింగ్ యానిమేషన్ ఫైల్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

ఫ్రెండ్స్, క్యాడ్‌లో (కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్) స్ప్రింగ్ నొక్కుకునే యానిమేషన్ రెడీమేడ్‌గా అమ్ముతుంటే కొందామనుకునేవాళ్ళు ముందు ఇది చదవండి, నాకు 1,800 పోయాయి.

నేను బాలానగర్‌లో చిన్న టూల్ రూమ్‌లో డిజైన్ చేస్తా. ప్రెస్ టూల్‌లో (రేకుని కోసే అచ్చు) రేకుని పంచ్ నుంచి విడదీసే స్ట్రిప్పర్ ప్లేట్ స్ప్రింగులు, కోసే పంచ్ దిగినప్పుడు నొక్కుకుని మళ్ళీ ఎలా లేస్తాయో కస్టమర్‌కి చూపించాలి, టైం రెండే రోజులు, ఆన్‌లైన్‌లో ఒకతను పూర్తి పారామెట్రిక్ (కొలత మారిస్తే మోడలూ మారే) ఫైల్, సాలిడ్‌వర్క్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌ది అన్నాడు, డెమో వీడియో కూడా బాగుంది, కట్టేశా.

మొదట పంపింది స్టెప్ ఫైల్, అంటే ఆకారం మాత్రమే ఉంటుంది, ఎలా గీశారో ఉండదు. తెరిస్తే ట్రీలో (మోడల్ గీసిన స్టెప్పుల లిస్టు) ఇంపోర్టెడ్ అని ఒక్క లైను, హెలిక్స్ (చుట్లు తిరిగే గీత) లేదు పిచ్ (చుట్టుకీ చుట్టుకీ దూరం) లేదు, ఏ డైమెన్షనూ మార్చలేం. గట్టిగా అడిగితే ఇంకో ఫైల్ ఇచ్చాడు, అది కదిలింది, హమ్మయ్య అనుకున్నా. రాత్రి ఎందుకో అనుమానమొచ్చి సెక్షన్ కట్ చేసి (మోడల్‌ని కోసినట్టు లోపల చూపించేది) జూమ్ చేశా. గుండ్రంగా ఉండాల్సిన 4 మి.మీ. తీగ కోలగా నొక్కుకుపోయి ఉంది, కొలిస్తే ఎత్తు 2.8. అంటే 60 మి.మీ. పొడవు స్ప్రింగ్‌ని 42కి తేవడానికి చుట్ల మధ్య గ్యాప్ తగ్గించలేదు, స్కేల్ ఫీచర్‌తో బాడీ మొత్తాన్ని నిలువుగా 0.7కి కుదించేశాడు. ఇంకా ఘోరం, ఒక చోట స్ప్రింగ్ 25 దాకా దిగుతోంది! 8 చుట్లు, 4 మి.మీ. తీగ, చుట్టుకి చుట్టు ఆనితేనే 32, అక్కడితో ఆగిపోవాలి. ఆ 25 నమ్మి స్ట్రోక్ (పంచ్ దిగే దూరం) ఓకే చేసుంటే ప్రెస్ మీద టూలే పోయేది, తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటోంది.

అసలు పద్ధతి ఇది: స్ప్రింగ్ ఎత్తుకి నిలువు గీత గీసి, దాని వెంట చిన్న అడ్డగీతని 8 చుట్ల ట్విస్ట్‌తో సర్ఫేస్ స్వీప్ చేసి (గీతని దారి వెంట లాగి పలుచని ఉపరితలం చేసి), ఆ సర్ఫేస్ బయటి అంచు మీద తీగ వృత్తాన్ని స్వీప్ చేయాలి, తర్వాత అసెంబ్లీలో (పార్టులన్నీ కలిపిన ఫైల్) ఆ నిలువు గీత పొడవుని రెండు ప్లేట్ల మధ్య దూరానికి కట్టేయాలి. చుట్లు మారవు, పిచ్ మాత్రమే తగ్గుతుంది, తీగ గుండ్రంగానే ఉంటుంది. సాలిడ్‌వర్క్స్ 2020 నుంచి మేక్ పార్ట్ ఫ్లెక్సిబుల్ కూడా ఉంది, ఒకే స్ప్రింగ్ ఒక చోట పొడవుగా ఇంకో చోట పొట్టిగా పెట్టుకోవచ్చు. ఇన్వెంటర్ (ఇంకో క్యాడ్ సాఫ్ట్‌వేర్) వాళ్ళకైతే స్ప్రింగ్‌ని అడాప్టివ్ పార్ట్ (పక్క పార్టుల్ని బట్టి సైజు మారేది) చేసి, కదిలించే డ్రైవ్ కమాండ్‌లో డ్రైవ్ అడాప్టివిటీ టిక్ పెట్టడమే.

కొనక తప్పదంటే వీడియో చూసి మాత్రం కట్టకండి. స్క్రీన్ షేర్ పెట్టించి, ప్లేట్ జరిపించి రీబిల్డ్ (మార్పుతో మోడల్‌ని మళ్ళీ లెక్కకట్టడం) చేయించండి, ట్రీ మొత్తం తెరిపించండి, నొక్కుకున్న పొజిషన్‌లో సెక్షన్ కట్ చేసి తీగ మందం మీ కళ్ళ ముందే కొలిపించండి. ఫైల్ ఏ వెర్షన్‌దో కూడా అడగండి, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసింది మన పాతదాంట్లో సాధారణంగా తెరుచుకోదు.

అతను ఇప్పుడు మెసేజ్ చూసి కూడా రిప్లై ఇవ్వట్లేదు. నేను మళ్ళీ మొదటినుంచి చేసుకున్న స్ప్రింగ్ నా దగ్గర ఉంది, 2020 వెర్షన్‌ది, కావాల్సినవాళ్ళు అడగండి, ఊరికే పంపిస్తా.