ల్యాప్‌టాప్ కొంటున్నారా? ‘మెమరీ 512’ అనగానే తల ఊపకండి

పోయిన నెల హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక షాపులో మా బిడ్డకు ల్యాప్‌టాప్ కొన్నాను. 31,500 రూపాయలు. బీటెక్ రెండో ఏడు, సీఎస్‌ఈ. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

“మెమరీ ఎంత?” అని అడిగింది నేనే. కౌంటర్ మీదున్న పిల్లగాడు “ఐదు వందల పన్నెండు సార్, దండిగ ఉంటది” అన్నాడు. బిల్లులో కూడా ‘మెమరీ 512 జీబీ’ అనే రాసిచ్చాడు. నాకు తెలిసిందల్లా ఫోన్‌లో వేసే మెమరీ కార్డు, ‘మెమరీ ఫుల్’ అని వచ్చే మెసేజ్. ఇంత పెద్ద అంకె ఉంటే ఇంకేం కావాలి అనుకున్నాను.

వారం తిరగలేదు. క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచి, ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో పెడితే మౌస్ బాణం కూడా కదలదు. “బాపూ, ఇందులో ర్యామ్ నాలుగే ఉంది” అంది బిడ్డ. విండోస్ 11 నడవడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస హద్దే 4 జీబీ. ఇక మిగతా పనులకు ఏం మిగులుతుంది?

నేను ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. నాకు అర్థమైన తీరులోనే చెప్తా. ఆ 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే కోల్డ్ స్టోరేజీ. మిర్చి బస్తాలు నెలల తరబడి అందులో పడి ఉంటాయి. ర్యామ్ అంటే యార్డు. బస్తా విప్పడం, కాయ చూడడం, కాంటా పెట్టడం అంతా అక్కడే. కంప్యూటర్ ఆపేస్తే ర్యామ్ ఊడ్చిన యార్డులా ఖాళీ అయిపోతుంది, ఫైళ్లు మాత్రం ఎస్‌ఎస్‌డీలో ఉంటాయి. యార్డులో నాలుగు బస్తాలకే చోటుంటే కోల్డ్ స్టోరేజీ ఎంత పెద్దదైతే ఏం లాభం? కంప్యూటర్ చదివినవాళ్లు ఉత్త ‘మెమరీ’ అంటే ఎక్కువగా ర్యామ్‌నే అంటారట. ఫోన్ల పుణ్యమా అని మన నోట్లో అది స్టోరేజీ అయింది. షాపువాడు ఆ సందులోనే దూరాడు.

అసలు కోపం వచ్చింది రెండోసారి. తిరిగి తీసుకెళ్తే “బిల్లులో అబద్ధం ఏముంది సార్” అని, మెషిన్ లోపలికి పట్టుకుపోయి అరగంటకు తెచ్చాడు. “మెమరీ పెంచినం, 16 అయింది” అని 800 తీసుకున్నాడు. స్క్రీన్ మీద 15.8 అన్న అంకె చూపించాడు కూడా. ఇంటికొచ్చాక బిడ్డ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, కంప్యూటర్ లోపల ఏం నడుస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచింది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ అన్న చోట, కుడివైపు పైన, 4.0 జీబీ. అలాగే ఉంది. 15.8 ఉన్నది కింద ‘కమిటెడ్’ అన్న వరుసలో. వాడు చేసిందల్లా ఎస్‌ఎస్‌డీలో కొంత చోటును వర్చువల్ మెమరీగా పెంచడం. యార్డులో పట్టని బస్తాలను మళ్లీ కోల్డ్ స్టోరేజీకి మోసి, కావాలన్నప్పుడు తెచ్చుకోవడం అన్నమాట. ఫోన్ల మీద 8+8 అని రాసే ఆ రెండో ఎనిమిదీ ఇదే బాపతు.

కాబట్టి డబ్బు ఇవ్వకముందే టాస్క్ మేనేజర్ మీరే తెరిచి చూడండి. ర్యామ్ కార్డు పెట్టే స్లాట్లు ఎన్ని, ఎన్ని నిండాయి అన్నదీ అక్కడే కనబడుతుంది. సన్నటి మోడళ్లు కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేరు. బిల్లులో ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ఒక్కటి మాత్రం: 512 అన్నది విండోస్‌లో 476గా కనబడితే షాపువాడితో పోట్లాడకండి. కంపెనీ 1000 లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన. అందులో మోసం లేదు.

మా దాంట్లో అదృష్టం కొద్దీ ఒక స్లాట్ ఖాళీగా ఉంది. వేరే షాపులో డీడీఆర్4 రకం 8 జీబీ ర్యామ్ కార్డు వేయించాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాక 800 వాపస్ వచ్చాయి, కార్డు ఖర్చు సంగతి ఇంకా తేల్చలేదు. బిల్లు జిరాక్స్ మీద ‘మెమరీ’ అన్న మాట చుట్టూ బిడ్డ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఫిర్యాదుకు జతచేసింది.