సర్జన్‌కి ఏది మేలు: టీచింగ్ ఆసుపత్రా, ప్రైవేటు ప్రాక్టీసా?

ఈ ప్రశ్న ఎక్కడ మొదలైనా డబ్బు దగ్గరికే చేరుతుంది. ప్రైవేటులో రాబడి ఎక్కువ, టీచింగ్‌లో తక్కువ. చాలాచోట్ల ఇది నిజమే కాబట్టి దాని మీద వాదన అక్కర్లేదు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: రాబోయే పాతికేళ్ళు ఏ ఆపరేషన్లు చేద్దామనుకుంటున్నారు?

అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) రోగుల రికార్డులు పరిశీలించి జాన్ బర్క్‌మేయర్ బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. పాంక్రియాస్‌లో భాగం తీసేసే ఆపరేషన్లు చాలా అరుదుగా జరిగే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, బాగా ఎక్కువగా జరిగేచోట 3.8 శాతం. అదే మెడలోని కెరోటిడ్ ధమనిలో పేరుకున్న పూడిక తీసే ఆపరేషన్‌కైతే 1.7, 1.5. తేడా లేనట్టే.

ఎందుకిలా? పాంక్రియాస్ కేసులో గండం ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోనే గడిచిపోదు. కొన్ని రోజుల తర్వాత అతుకు దగ్గర లీకై, వేళకాని వేళ రక్తస్రావం మొదలవుతుంది. అప్పుడు ఐసీయూ డాక్టరు కావాలి, రక్తనాళంలోంచి వెళ్ళి రక్తం ఆపగల రేడియాలజిస్టు కావాలి, బ్లడ్ బ్యాంకు కావాలి. ఎంత చేయి తిరిగిన సర్జనైనా చిన్న నర్సింగ్ హోములో ఇవన్నీ ఎక్కడినుంచి తెస్తాడు? ఈసోఫేగస్ (అన్నవాహిక), లివర్, ట్రాన్స్‌ప్లాంట్ మీద మనసున్నవాళ్ళు పెద్ద ఆసుపత్రి వైపే వెళ్ళాలి. హెర్నియా, గాల్ బ్లాడర్ లాంటివే ఇష్టంగా చేసేవాళ్ళకు ప్రైవేటులో లోటేమీ ఉండదు.

కొత్తదనమంతా యూనివర్సిటీల్లోనే పుడుతుందనే మాట నేను నమ్మను. గాల్ బ్లాడర్‌ని లాపరోస్కోపుతో, అంటే చిన్న రంధ్రంలోంచి లోపలికి చూసే గొట్టంతో, మొదట తీసిన ఎరిక్ మ్యూహే జర్మనీలో బోబ్లింగెన్ అనే ఊళ్ళో మామూలు ఆసుపత్రి సర్జన్. అది 1985. మరుసటి ఏడాది ఆయన ఆ సంగతి చెబితే జర్మన్ సర్జన్లు పెద్దగా పట్టించుకోలేదు. 1987లో ఫ్రాన్స్‌లో అదే పని చేసిన ఫిలిప్ మూరే లియాన్‌లో ప్రైవేటు ప్రాక్టీసు చేసుకునేవాడు. పెద్ద ప్రొఫెసర్లు వెనకాల వచ్చారు. అయితే ఆ పద్ధతి ఒక్కసారిగా పాకిపోయాక పైత్యనాళం తెగిన కేసులూ పెరిగాయి. అవి ఎందుకు తెగుతున్నాయో కూర్చుని విడదీసి, ఏమేం కళ్ళబడేదాకా కత్తెర వేయకూడదో 1995లో నియమంగా రాసిపెట్టింది అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రొఫెసరు స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్, ఆయన సహచరులు. ఇప్పుడు ట్రైనీలకు మొదట నేర్పేది అదే. తెగింపు బయటినుంచి వచ్చింది, లెక్క చూసే ఓపిక లోపలినుంచి.

రోజువారీ బతుకు సంగతి. టీచింగ్‌లో ఓటీ కోసం ఎదురుచూడాలి, కమిటీలు, పరీక్షలు, థీసిస్ దిద్దుళ్ళు. ముప్పావు గంటలో మీరు ముగించే కేసు ట్రైనీ చేతిలో రెండు గంటలు సాగుతుంది, పక్కన చేతులు కట్టుకుని నిలబడటం నేర్చుకోవాలి (కొందరికి ఇది జన్మలో రాదు, వాళ్ళు ఈ దారిలో రాకపోవడమే ట్రైనీలకు మంచిది). ప్రైవేటులో మొదటి చూపు నుంచి కుట్లు విప్పేదాకా పేషెంటు మీవాడే. అర్ధరాత్రి ఫోనూ మీదే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం ఇంకొకటి. టీచింగ్‌లో కాంప్లికేషన్ల మీటింగు ఉంటుంది. "ఈ పేషెంటుకి అసలు ఆపరేషన్ ఎందుకు చేశారు?" అని జూనియర్ల ముందే అడుగుతారు. నామోషీగానే ఉంటుంది. సొంత ప్రాక్టీసులో ఆ ప్రశ్న వేసేవాళ్ళుండరు, పైగా కత్తి పెడితేనే రాబడి. చేయాలో వద్దో తేలని కేసులో మనసు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? మనుషులు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, ఆ ఏర్పాటే అలా నెడుతుంది.

అందుకే నా ఓటు, మొదటి నాలుగైదేళ్ళు టీచింగ్‌కే. అక్కణ్ణుంచి ప్రైవేటుకి ఎప్పుడైనా రావచ్చు. పేపర్లు, బోధన ఏళ్ళ తరబడి ఆగిపోయాక తిరిగి వెళ్ళడం కష్టం. ఇంటి పరిస్థితులు అంత ఆగనివ్వకపోతే, ఒంటరిగా బోర్డు కట్టకుండా నలుగురైదుగురు సర్జన్లున్న గ్రూపులో చేరండి. చేరేముందు వాటా ఎంతని అడిగినట్టే, కాంప్లికేషన్ల మీద నెలనెలా కూర్చుంటారా అని కూడా అడగండి.