మోటౌనా, స్టాక్సా? పాత సోల్ పాటల్లో ఏది మేలు

మా తమ్ముడికీ నాకూ ఈ గొడవ ఏళ్ల తరబడి నడుస్తోంది, వాడు మోటౌన్ పార్టీ, నేను స్టాక్స్ పార్టీ. రెండూ అమెరికాలో నల్లవాళ్ల సోల్ పాటలు తెచ్చిన పాత రికార్డు కంపెనీలు, మోటౌన్‌ది డెట్రాయిట్, స్టాక్స్‌ది మెంఫిస్. ఇద్దరం మొదలైంది మాత్రం ఒకే క్యాసెట్ దగ్గర, ఎంసీ హ్యామర్ అనే ర్యాపర్ క్యాసెట్. 1990లో వచ్చిన 'యూ కాంట్ టచ్ దిస్' వినని వాళ్లు తక్కువే కదా, ఆ బేస్ లైన్ హ్యామర్‌ది కాదని, 1981లో రిక్ జేమ్స్ పాడిన 'సూపర్ ఫ్రీక్' నుంచి ఎత్తిందని మాకు చాలా లేటుగా తెలిసింది. రిక్ జేమ్స్ కోర్టుకెళ్లి రచయితల్లో తన పేరు వేయించుకున్నాడు కూడా. ఆ 'సూపర్ ఫ్రీక్' మోటౌన్ కంపెనీ పాట, వెనక కోరస్‌లో ఉన్నది మోటౌన్ సింగర్ల గ్రూపు టెంప్టేషన్స్ వాళ్లు. తమ్ముడు అలా డెట్రాయిట్‌కి పడిపోయాడు. నేను ఇంకో దారిలో మెంఫిస్ వెళ్లా, అది తర్వాత చెప్తా.

ముందు మోటౌన్. బెర్రీ గోర్డీ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ మీద పనిచేసినవాడు. వాళ్లింట్లో అందరూ తలా కొంత వేసుకుని నడిపే ఫండ్ ఒకటుండేది, మన చిట్టీ లాంటిదనుకోండి, 1959లో అందులోంచి 800 డాలర్లు అప్పు తీసుకుని కంపెనీ పెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్‌లో మామూలు ఇల్లు, ముందు 'హిట్స్‌విల్ యూఎస్ఏ' అని బోర్డు, స్టూడియో ఏమో గ్యారేజీ. ఫ్యాక్టరీలో చూసిందే ఇక్కడా దించాడు: పాట రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు, పాడేవాళ్లకి నడక, మాట తీరు, స్టేజి మీద స్టెప్పులు నేర్పడానికి మళ్లీ వేరే టీచర్లు. శుక్రవారం మీటింగ్ పెట్టి ఏ పాట బయటికెళ్లాలో ఓట్లేసుకునేవాళ్లు. గోర్డీ అడిగే ప్రశ్న ఒకటి బాగా ఫేమస్, జేబులో ఆఖరి డాలర్ ఉంది, దాంతో ఈ రికార్డు కొంటావా శాండ్‌విచ్ కొంటావా అని.

ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది, కాదనడానికి లేదు. సుప్రీమ్స్ అనే అమ్మాయిల గ్రూపు ఒక్కళ్లే 12 పాటలు అమెరికా నంబర్ వన్ చేశారు. కానీ అదే మీటింగు మార్విన్ గే పాడిన 'గ్రేప్‌వైన్'ని పక్కన పడేసింది. గ్లాడిస్ నైట్ వెర్షన్ ముందు రిలీజై రెండో స్థానం దాకా వెళ్లింది, తర్వాత మార్విన్‌ది ఆల్బమ్‌లో ఎక్కడో ఇరికిస్తే రేడియో వాళ్లు పట్టుకుని వేసి వేసి, ఆఖరికి 1968లో సింగిల్‌గా తెస్తే ఏడు వారాలు నంబర్ వన్. ఓట్లేసి పాటలు ఎంచుకుంటే ఇలాంటివి జరుగుతాయి మరి.

మోటౌన్ అసలు బలం నాకైతే సింగర్లు కూడా కాదు, ఆ గ్యారేజీలో వాయించిన ఫంక్ బ్రదర్స్. టెంప్టేషన్స్ పాడిన 'మై గర్ల్' ఒక్కసారి పెట్టండి. ముందు జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్, గుండె కొట్టుకున్నట్టు. దానిమీద రాబర్ట్ వైట్ గిటార్ మెట్లెక్కుతూ వస్తుంది చూశారా, అది అక్షరాలా స రి గ ప ద స, మన మోహన ఆరోహణ! సంగీతం క్లాసుకి నాలుగు నెలలు వెళ్లిన పిల్లలు కూడా వాయించేస్తారు, అయినా ఇన్నేళ్లైనా పాతబడలేదు. ఆ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు, బేస్‌కి తీగలు మార్చేవాడు కాదట.

ఇంత చేసిన వాళ్ల పేర్లు రికార్డు అట్టల మీద ఉండేవి కావు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా అంతే. (మన మద్రాసు స్టూడియోల్లో వయొలిన్లు, తబలాలు వాయించినవాళ్ల పేర్లు క్యాసెట్ కవర్ మీద ఎన్ని చూశాం చెప్పండి.) డబ్బులు చాలక వాళ్లు చాటుగా వేరే ఊళ్లకెళ్లి వాయించేవాళ్లు కూడా, 1967లో జాకీ విల్సన్ 'హయ్యర్ అండ్ హయ్యర్' షికాగోలో అలా తయారైందే. రాబర్ట్ వైట్ గురించి ఒకటి చెప్తారు, చాలా ఏళ్ల తర్వాత ఏదో రెస్టారెంట్‌లో కూర్చుంటే స్పీకర్లో 'మై గర్ల్' మొదలైందట, ఈ గిటార్ నాదేనయ్యా అని వెయిటర్‌కి చెప్పబోయి, ముసలాడు కోతలు కోస్తున్నాడనుకుంటాడేమోనని ఆగిపోయాడట. 1972లో కంపెనీ లాస్ ఏంజెలస్ వెళ్లిపోయింది, వీళ్లలో చాలామంది డెట్రాయిట్‌లోనే ఉండిపోయారు.

ఇక స్టాక్స్. మెంఫిస్‌లో జిమ్ స్టీవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్, ఇద్దరి ఇంటిపేర్ల మొదటి రెండేసి ఇంగ్లిష్ అక్షరాలు కలిపితే స్టాక్స్. రికార్డింగ్ మెషీన్ కొనడానికి ఆవిడ ఇల్లు తాకట్టు పెట్టింది. 1960లో మూతబడ్డ సినిమా హాలు ఒకటి అద్దెకి తీసుకుని స్టూడియో చేశారు, తినుబండారాలు అమ్మే చోట రికార్డుల షాపు పెట్టారు. నేల మాత్రం సాపు చేయించలేదు, సీట్లున్నప్పటి వాలు అలాగే ఉంచేశారు. ఆ పాటల్లో వినిపించే గుమ్మనే మోత సగం ఆ హాలుదే.

బ్యాండ్ బుకర్ టీ అండ్ ది ఎంజీస్, ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. అప్పటి మెంఫిస్‌లో నలుగురూ కలిసి హోటల్లో కూర్చుని తినడం కూడా కుదరదు. 1962లో ఎవరో సింగర్ సెషన్‌కని వచ్చి, ఖాళీ దొరికితే వాళ్ల మానాన వాళ్లు వాయించుకుంటుంటే రికార్డ్ చేశారు, రికార్డుకి రెండో వైపు నింపడానికి చేసిన ముక్కేమో 'గ్రీన్ ఆనియన్స్'. ఆర్గాన్ వాయించిన బుకర్ టీకి అప్పుడు 17 ఏళ్లు! ఓటిస్ రెడ్డింగ్ అయితే వేరే గిటారిస్టుకి డ్రైవర్‌గా వచ్చాడు, చివర్లో కాస్త టైం మిగిలితే నేనూ ఒకటి పాడతానని అడిగి పాడాడు. మోటౌన్‌లో ఇలాంటివాడు గేటు దాటేవాడా అని నా డౌటు.

దగ్గర్నుంచి చూడాల్సిన సీను ఇంకోటుంది. 1965లో స్టాక్స్ స్టూడియోలో సింగర్ విల్సన్ పికెట్ 'ఇన్ ది మిడ్‌నైట్ అవర్' రికార్డింగ్. స్టాక్స్ రికార్డులు దేశమంతా అమ్మిపెట్టే అట్లాంటిక్ కంపెనీ నుంచి వచ్చిన జెర్రీ వెక్స్‌లర్‌కి తాళం నచ్చలేదు. నోటితో చెప్తే అర్థంకాదని లేచొచ్చి జెర్క్ అనే డ్యాన్స్ వేసి చూపించాడు, పెద్దమనిషి, అందరి ముందూ. రెండో దెబ్బ ఇసుమంత ఆలస్యంగా పడాలని వాళ్లకి అర్థమైపోయింది, డ్రమ్మర్ ఆల్ జాక్సన్, గిటారిస్ట్ స్టీవ్ క్రాపర్ అప్పట్నుంచీ ఆ ఆలస్యాన్ని వదల్లేదు. స్టాక్స్ పాట నడుస్తుంటే ఎవరో కొంచెం బద్ధకంగా, కానీ ధీమాగా నడిచొస్తున్నట్టు ఉంటుంది కదా, అది ఇదే.

యాపారంలో మాత్రం మోటౌన్‌కి వంద మార్కులు, స్టాక్స్‌కి గుండు సున్నా. పాటలు, మాస్టర్లు (అసలు రికార్డింగులు) అన్నీ గోర్డీ తన చేతిలోనే పెట్టుకున్నాడు, 1988లో 6 కోట్ల 10 లక్షల డాలర్లకి కంపెనీ అమ్మాడు. ఇక్కడ జిమ్ స్టీవర్ట్ 1965లో అట్లాంటిక్‌తో కాగితం సరిగ్గా చదవకుండా సంతకం పెట్టాడు. 1967 డిసెంబర్ 10న విమానం కూలి ఓటిస్ పోయాడు, కొద్ది రోజుల ముందే రికార్డ్ చేసిన 'డాక్ ఆఫ్ ది బే' ఆయన పోయాక నంబర్ వన్ అయింది, సరిగ్గా ఆ రోజుల్లోనే ఇన్నాళ్ల తమ మాస్టర్లన్నీ అట్లాంటిక్‌వేనని కాగితంలో ఉందని బయటపడింది. కూర్చుని ఏడవడానికి కూడా టైం లేదు, మళ్లీ సున్నా నుంచి మొదలెట్టి సింగర్ ఐజాక్ హేస్‌తో ఇంకో ఇన్నింగ్స్ ఆడారు, 1975లో దివాలా తీశారు.

మరి పాత పాటల ముక్కలు తీసుకుని కొత్త పాటలు కట్టే హిప్-హాప్ వాళ్లు, అంటే ర్యాపర్లు, ఎవర్ని ఎక్కువ తవ్వారు? ఇద్దర్నీ. స్టీవీ వండర్ 1976 పాట 'పాస్‌టైమ్ ప్యారడైజ్' మీద కూలియో 1995లో 'గ్యాంగ్‌స్టాజ్ ప్యారడైజ్' కట్టాడు, అది మోటౌనే. కానీ చూడండి, మోటౌన్ నుంచి తీసుకుంటే పాట పాటంతా వచ్చేస్తుంది, ట్యూన్ విన్న వెంటనే ఒరిజినల్ గుర్తొస్తుంది. స్టాక్స్‌లో వాయిద్యాల మధ్య జాగా ఉంటుంది, చిన్న ముక్క కోసుకుంటే దానిమీద కొత్త ఇల్లు కట్టుకోవచ్చు. నన్ను మెంఫిస్ తీసుకెళ్లింది అలాంటి ముక్కే, ర్యాప్ గ్రూపు వూ-టాంగ్ క్లాన్ పాట 'క్రీమ్' మొదట్లో వచ్చే పియానో. అది చార్మెల్స్ అనే అమ్మాయిల గ్రూపు 1967లో స్టాక్స్ వాళ్లకి పాడిన పాటది, అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, దాన్నే పాతికేళ్లు దాటాక న్యూయార్క్‌లో ఒకడు వెతికి తీశాడు. ఒరిజినల్ వింటే ప్రేమ పాట, హాయిగా ఉంటుంది, అదే పియానో 'క్రీమ్'లో చలికాలం వీధిలా వినిపిస్తుంది.

కాబట్టి పెళ్లి సంగీత్‌కో కార్ ప్రయాణానికో అయితే మోటౌన్, వాదనే లేదు, పిల్లల్నుంచి ముసలాళ్ల దాకా కాలు కదుపుతారు. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కళ్లే వినడానికైతే నా ఓటు స్టాక్స్‌కి, అందులోనూ ఓటిస్‌కి. తమ్ముడికి మొన్న ఆ చార్మెల్స్ పాట పేరు చెప్పకుండా పంపిస్తే పదిసార్లు విన్నానన్నాడు, మోటౌన్‌లో ఇది నేనెలా మిస్సయ్యానని అడిగాడు. నేనింకా చెప్పలేదు.